సాలార్‌జంగ్ మ్యూజియంలో దొరకని హైదరాబాద్

పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వార్డ్‌రోబ్ చూసినవాళ్లకు నేను చెప్పబోయేది సులువుగానే అర్థమవుతుంది. భవనంలో ఒక వైపు పొడవునా రెండంతస్తుల చెక్క బీరువాలు. పై అంతస్తుకి వెళ్లడానికి చేత్తో నడిపే చెక్క లిఫ్టు. ఆయన ఒకసారి వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవాడు కాదని అక్కడ అందరూ చెబుతారు. జనం ఆ మాట విని ఆశ్చర్యపోయి, ఏడో నిజాం రజతోత్సవ కానుకల వైపు వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ బీరువాల ముందు నిలబడినప్పుడల్లా ఒకటే ఆలోచన. ఇన్ని బట్టలు కుట్టిందెవరు? ఏ గల్లీలో ఉండేవాళ్లు? ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్లు? జర్దోజీ (బంగారు తీగల కుట్టు) పని చేసి కళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ఎంత జీతం ముట్టేది?

అక్కడ దీనికి జవాబు దొరకదు. అక్కడే కాదు, నగరంలో నేను తిరిగిన ఏ మ్యూజియంలోనూ దొరకలేదు.

మన నగరంలో రకరకాల మనుషులు ఉన్నారని పండగ చేసుకోవడం మనకు బాగా వచ్చు. గంగా జమునా తెహజీబ్, అంటే హిందూ ముస్లింల కలగలుపు సంస్కృతి, అనే మాట లేకుండా హైదరాబాద్‌లో ఒక సభ కూడా ముగియదు. కానీ ఈ మనుషులు ఎందుకు వచ్చారు, ఏం పని చేశారు, ఎవరితో కలిశారు, ఎవరితో కొట్లాడారు అని వస్తువులు పెట్టి, పేర్లు రాసి చెప్పే చోటు కావాలి. అలాంటి మ్యూజియం ఈ నగరానికి ఉండాలనీ, అందులో రాజుల గది అన్నిటికన్నా చిన్నదిగా ఉండాలనీ నా వాదన.

సాలార్‌జంగ్ మ్యూజియం అంటే నాకు చాలా ఇష్టం. ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ మాట ఎత్తగానే దాన్ని చిన్నచూపు చూస్తున్నాననుకుంటారు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ ప్రపంచం నలుమూలల నుంచి కొన్నవీ, వాళ్ల తాత నుంచి వచ్చినవీ కలిపి, 1951 డిసెంబర్‌లో వాళ్ల నివాసమైన దివాన్ దేవ్డీలో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియంగా తెరిచారు. 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు. గంట కొట్టే వేళకు గడియారం ముందు బెంచీలు నిండిపోవడం, లోపలి నుంచి చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంటే పిల్లలు లెక్కపెట్టడం, అదంతా చూస్తుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెకా ముందు పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు నోటి మీద చెయ్యి వేసుకుని నిలబడతారు. రాయిలో పల్చటి గుడ్డ కనిపించడం ఎవరికైనా అద్భుతమే.

అయితే అది ఒక కుటుంబం సేకరించిన సొత్తు. ఇటలీ పాలరాయి, ఫ్రాన్స్ గాజు, చైనా పింగాణీ. అందులో హైదరాబాద్ గురించి తెలిసేదల్లా హైదరాబాద్‌లో ఒక గొప్పింటివారికి ఏమేం కొనాలనిపించిందో అంతే. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, మంచి శిల్పాలున్నాయి, శాతవాహనుల నాటి నాణేలున్నాయి. మాసాబ్ ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. గోండులు, కోయలు, చెంచులు అందులో నిలువెత్తు బొమ్మలై అడవి మధ్య కనబడతారు. ఆ మ్యూజియం నుంచి కొద్ది దూరంలోనే బంజారాహిల్స్. లంబాడీల పేరు మోస్తున్న కొండలవి. నందినగర్‌లో ఇప్పటికీ లంబాడీ కుటుంబాలున్నాయి. వాళ్ల కొండల మీద బంగ్లాలు ఎలా లేచాయి, వాళ్లు ఎక్కడెక్కడికి జరిగారు అన్నది నగర చరిత్రలో పెద్ద అధ్యాయం. గిరిజనులంటే అడవి అనీ, నగరమంటే నవాబులు అనీ విడదీసి పెట్టుకున్నాక ఆ అధ్యాయాన్ని ఏ గదిలో పెడతాం?

2018లో నిజాం మ్యూజియం నుంచి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు దొంగలు ఎత్తుకుపోయినప్పుడు నగరమంతా దాని గురించే మాట్లాడింది. పోలీసులు కొద్ది రోజుల్లోనే పట్టుకున్నారు, వస్తువు దొరికింది, అందరం సంతోషించాం. వస్తువు ఒక చోట ఉంటేనే, దాన్ని మనం చూసి ఉంటేనే, పోయినప్పుడు మనకు తెలుస్తుంది. ఏసీ గార్డ్స్‌లో ఏదో ఇంట్లో పాత అశ్వదళం బెల్టు బిళ్ల ఒకటి చెత్తబండిలోకి పోతే ఎవరికి తెలుస్తుంది?

ఏసీ గార్డ్స్ మాటెత్తాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని పూర్తి పేరు. రోజూ బస్సులో కండక్టర్ నోట వినే పేరే, కానీ అందులో ఆఫ్రికా ఉందని ఎంతమందికి తెలుసు? ఆఫ్రికా నుంచి తెచ్చిన సిద్దీలు వనపర్తి సంస్థానం మీదుగా నిజాం కొలువులో అశ్వదళంగా చేరారు. ఊరేగింపుల్లో నిజాం ముందు నడిచేవాళ్లు. హైదరాబాద్ భారతదేశంలో కలిశాక ఆ దళాన్ని రద్దు చేశారు. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, మనుషులు మాత్రం అదే బస్తీలో ఉండిపోయారు. చిన్నాచితకా ఉద్యోగాలు వెతుక్కున్నారు. వాళ్ల చేతుల్లో మిగిలింది మర్ఫా వాద్యం. ఈ రోజు హైదరాబాద్‌లో ముస్లింల పెళ్లి బారాత్‌లోనే కాదు, హిందువుల పెళ్లిళ్లలోనూ, రాజకీయ నాయకుల ఊరేగింపుల్లోనూ మర్ఫా మోగుతుంది. కుర్రాళ్లు ఆ దెబ్బకు చొక్కాలు తడిసేదాకా ఆడతారు. ఆ దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు చెప్పే చోటు లేదు.

బార్కస్ అనే పేట కథ కూడా దీనికి దగ్గరిదే. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బులు సైనికులుగా వచ్చారు. నిజాం సైన్యంలో, జమీందార్ల దగ్గర కాపలాలో, ఖజానాల దగ్గర పహారాలో ఉన్నారు. ఇక్కడి ఆడవాళ్లను పెళ్లి చేసుకున్నారు. 1948 తర్వాత వాళ్లలో చాలామందిని నిర్బంధించారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. మిగిలినవాళ్ల పిల్లలూ మనవళ్లూ బార్కస్‌లోనే ఉన్నారు. గోధుమ, మాంసం కలిపి వండే హరీస్ పొద్దున్నే తినే అలవాటు, లుంగీ కట్టే తీరు, జామపళ్ల బండ్లు, అన్నీ అలాగే ఉన్నాయి. మనకు వీటిలో హరీస్ ఒక్కటే కావలసి వచ్చింది. దాని చుట్టం హలీమ్‌కి 2010లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతానిదే అన్న గుర్తింపు) వచ్చినప్పుడు హైదరాబాదీలందరం గర్వపడ్డాం. ఆ వంటను తెచ్చినవాళ్ల నిర్బంధం గురించి మాత్రం మనలో ఎవరూ మాట్లాడరు. కుండలోది మనది, వండినవాడి కష్టం మనది కాదు అన్నట్టు ఉంటుంది ఇది. నాకు ఇది న్యాయంగా కనబడదు.

ఇలా ఒక్కొక్కరినీ చూస్తూ పోతే ఒక సంగతి తెలుస్తుంది. ఈ నగరానికి జనం ఎక్కువగా పని కోసం వచ్చారు. 1832లో మహారాజా చందూలాల్ నిజాం కొలువులో చక్రం తిప్పుతున్నప్పుడు పంజాబ్ రాజు రంజిత్ సింగ్ పంపిన సిక్కు సైనికులు అత్తాపూర్ దగ్గర బరంబాలాలో దిగారు. చందూలాల్ కూడా ఉత్తరాది నుంచి వచ్చిన ఖత్రీ కుటుంబంవాడే. లెక్కలు రాయడానికి కాయస్థులు వచ్చారు. అప్పులివ్వడానికి గోసాయిలు, మార్వాడీలు బేగంబజార్‌లో కొట్లు తెరిచారు. పార్సీలు మొదట వ్యాపారానికి, తర్వాత మొదటి సాలార్‌జంగ్ ప్రధానిగా ఉన్నప్పుడు పెద్ద ఉద్యోగాలకు వచ్చారు. సికింద్రాబాద్‌లో వాళ్ల అగ్యారీ (అగ్ని దేవాలయం) 1847 నాటిది. ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మీనియన్ల సమాధులున్నాయి, గోల్కొండ వ్యాపారం లాక్కొచ్చిన మనుషులు వాళ్లు. సికింద్రాబాద్ వైపు బ్రిటిష్ దండుతో పాటు తమిళులు, తర్వాత రైలుతో పాటు ఆంగ్లో ఇండియన్లు. లాలాగూడ, మెట్టుగూడల్లో ఆ కాలనీలు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి.

ఉజ్జయిని మహంకాళి అమ్మవారి సంగతి చూడండి. 1813లో సైన్యంతో ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య, సికింద్రాబాద్‌లో కలరా తగ్గితే అమ్మవారిని అక్కడ ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడనీ, 1815లో కట్టె విగ్రహం పెట్టాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. ఆషాఢంలో లష్కర్ (సికింద్రాబాద్) బోనాలంటే లక్షల జనం. మన తెలంగాణ పండగ అని గుండెలకు హత్తుకున్న ఆ లష్కర్ జాతర వెనక కూడా జీతం మీద మధ్య భారతానికి వెళ్లొచ్చిన ఒక దండు మనిషి ఉన్నాడు. మ్యూజియంలో ఈ కథ పక్కన ఆ కాలపు సిపాయి జీతం ఎంతో, దండు ఏ దారిన నడిచేదో, కలరాకి ఏ మందు ఇచ్చేవాళ్లో చూపిస్తే బోనం ఇంకా దగ్గరవుతుంది.

ఇక మా నాన్న సంగతి. ఆయన నారాయణపేట దగ్గరి పల్లె నుంచి కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ తీసుకుని నగరానికి వచ్చిన పాలమూరు మనిషి. మొదట మట్టి మోశాడు, తర్వాత తాపీ పట్టాడు. నాకు కాలేజీ సీటు వచ్చాక ఒక ఆదివారం ఆయన్ని చౌమహల్లా ప్యాలెస్‌కి తీసుకెళ్లాను. దర్బారు హాల్లో అందరూ తలెత్తి షాండిలియర్లు చూస్తున్నారు. నాన్న ఒక స్తంభం దగ్గర ఆగిపోయాడు. అరచేత్తో దాన్ని కింది నుంచి పైకి మెల్లగా నిమిరాడు. వేలి గోరుతో చిన్నగా తట్టి చెవి పెట్టి విన్నాడు.

"చూడు బిడ్డా, ఇది సిమెంటు కాదు. డంగు సున్నం. ఎద్దుతోని గానుగ తిప్పి నూరుతరు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోస్తరు. నునుపు రావాలంటే తడి మీదనే రుద్దుతనే ఉండాలె. చెయ్యి ఆపితే గీత పడ్తది. దీని మీద ఒక్క గీత లేదు" అన్నాడు.

తర్వాత ఆయన అడిగింది నాకు ఇప్పటికీ గుర్తే. "చేసినోళ్ల పేరు రాసిన్రా ఎక్కడన్న?" అని. నేను హాలంతా తిరిగి చూశాను. కట్టించినవారి పేర్లున్నాయి.

నాన్న వాడిన తాపీ మా ఇంట్లో ఉంది. కుడివైపు అంచు అరిగి ఎడమ అంచు కన్నా వేలి మందం తగ్గింది. చెక్క పిడి మీద బొటనవేలు పడేచోట గుంట. దాంతో పాటు ఇత్తడి తూకం గుండు, అద్దం పగిలితే మళ్లీ వేయించుకున్న రసమట్టం. నగరంలో ఇవాళ ఉన్న అపార్ట్‌మెంట్లు, ఫ్లైఓవర్లు, ఐటీ ఆఫీసులు ఇలాంటి సామాన్లతో లేచాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు పేపర్లలో వచ్చిన ఫొటోలు ఇప్పటికీ అందరికీ గుర్తుంటాయి. ఆ ఫొటోల్లో తాపీ పట్టినవాడు లేడు. అడ్డా మీద పొద్దున ఆరింటికి డబ్బా పట్టుకుని నిలబడే మనుషుల ఫొటో కూడా మ్యూజియంలో ఉండాలంటే, అది ఎవరి మీదో జాలి చూపించడానికి కాదు. ఆ ఫొటో లేకపోతే భవనం ఎలా వచ్చిందన్నది చరిత్రలో ఖాళీగా మిగిలిపోతుంది.

జనాల సంస్కృతిని చూపించడమంటే మనవాళ్లు వెంటనే స్టాళ్లు పెట్టేస్తారు. ఒక స్టాల్లో బిర్యానీ, ఒక దాంట్లో ముత్యాలు, మూడో దాంట్లో లంబాడీ అద్దాల లంగా. తిని, కొని, సెల్ఫీ దిగి ఇంటికి. నేను అలాంటి వాటిని కాదనను, వాటి వల్ల నలుగురికి బేరం జరుగుతుంది. కానీ అదే మ్యూజియం పద్ధతిగా మారితే మనిషికి ఒక వంటకం, ఒక డ్రెస్సు తప్ప ఇంకేమీ మిగలదు.

లాడ్ బజార్ లక్క గాజులు తీసుకోండి. వాటికి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. షోకేసులో పెట్టి "హైదరాబాద్ ప్రత్యేకత" అని రాస్తే చాలదు. ఒక చిన్న కార్ఖానాలో కాసేపు కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. బొగ్గుల కుంపటి. దాని మీద కర్రకు అంటించిన లక్క ముద్ద మెత్తబడుతుంటుంది. దాన్ని పలక మీద ఒత్తి, చెక్కతో దొర్లించి సన్నటి కడ్డీ చేస్తారు. చల్లారకముందే కోసి, ఒంచి, కొసలు అతికించి, గుండ్రటి చెక్క అచ్చుకు ఎక్కించి సైజుకు తెస్తారు. ఆ పైన రాళ్లు అతకడం. లక్క మళ్లీ కొంచెం వెచ్చబడాలి, ఎక్కువైతే గాజు వంకర, తక్కువైతే రాయి నిలవదు. ఒక్కొక్క రాయినీ చిమటాతో పట్టి నొక్కాలి. ఎండాకాలం ఆ గదిలో ఫ్యాన్ వేయడానికి లేదు, నిప్పు చెదురుతుంది. ఆ పని చేసేవాళ్ల వేళ్ల కొసలకు వేడి తగలడం కూడా తెలియదు. గాజుల పక్కన ఆ కుంపటి, ఆ అచ్చు, ఒక డజను గాజులకు కూలీ ఎంత, అదే డజను కొట్లో ఎంతకు అమ్ముతారు అన్న లెక్క పెట్టండి. చూసినవాళ్లకు అప్పుడు కళా తెలుస్తుంది, దాని వెనక బతుకూ తెలుస్తుంది.

తెలుగువాళ్లం మనం ఇంకో విషయం ఒప్పుకోవాలి. ఈ నగరం మొదటి నుంచీ మనదే, మిగతావాళ్లంతా వచ్చి చేరారు అన్న భావం మనలో చాలామందికి ఉంది. జనాభా లెక్కన చుట్టూ ఉన్న పల్లెలన్నీ తెలుగువే అయినా, నగరం నడిబొడ్డున తెలుగు చాలాకాలం తలదాచుకునే భాషగానే బతికింది. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టేదాకా ఇక్కడ తెలుగు పుస్తకాలు నలుగురూ కూర్చుని చదువుకునే చోటు దొరకడమే కష్టం. 1921 నవంబర్‌లో వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలి చేశారు. ఇంగ్లిషు, ఉర్దూ, మరాఠీలకు లేని ఇబ్బంది తెలుగుకు వచ్చింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ వివేకవర్ధిని మరాఠీవాళ్లు పెట్టిన సంస్థ, వాళ్లూ తమ భాషను కాపాడుకోవడానికి కష్టపడినవాళ్లే. ఈ రెండు కథలూ ఒకే గదిలో ఎదురెదురుగా ఉండాలని నా కోరిక. చూసేవాళ్లు ఎవరి బాధ పెద్దదో తూకం వేసుకోనక్కర్లేదు, రెండూ తెలిస్తే చాలు.

అలాగే భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి, దళిత బస్తీల్లో బడులు నడిపిన మనిషి. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహించి, మేం పంచములం కాదు, ఈ నేలకు మూలవాసులం అని చెప్పినవాడు. చాదర్‌ఘాట్‌లో ఆయన నిలబెట్టిన ఆది హిందూ భవన్ ముందు నుంచి రోజూ ఎన్ని వేల మంది వెళ్తుంటారో! నగర మ్యూజియం అని ఒకటి పెడితే ఆయన బడిలో వాడిన పలక ఒకటి నిజాం కత్తి పక్కన సమాన ఎత్తులో ఉండాలి. ఇందులో నేను రాజీపడను. ఏ వస్తువును ఏ ఎత్తులో, ఎంత వెలుతురులో పెట్టామన్నది కూడా ఒక తీర్పే.

అన్నిటికన్నా కష్టమైన గది 1948ది, పోలీసు చర్య పేరుతో భారత సైన్యం వచ్చి హైదరాబాద్‌ని దేశంలో కలిపిన ఏడాదిది. ఇక్కడికి రాగానే మ్యూజియం పెద్దలు వెనక్కి తగ్గుతారు. మళ్లీ గొడవలెందుకు, సున్నితమైన విషయం కదా అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఈ నగరంలో కర్ఫ్యూలు చూసినవాళ్లకు ఆ భయం ఉండటం తప్పు కాదు. కానీ ఇళ్లల్లో ఆ కథ ఆగిపోలేదు. ఒక ఇంట్లో రజాకార్లు ఊరు తగలబెట్టిన సంగతి మాత్రమే చెబుతారు. ఇంకో ఇంట్లో సెప్టెంబర్ తర్వాత మగవాళ్లు తిరిగి రాని సంగతి మాత్రమే చెబుతారు. రెండూ జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్లు 27,000 నుంచి 40,000 వరకు ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు. అంతకు ముందు, 1948 ఆగస్టులో, ఇదే నగరంలో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని నరికి చంపారు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాసిన ముస్లిం ఆయన. ఆయన పత్రిక ప్రతి ఒకటి, ఆ నివేదిక పేజీలు కొన్ని ఒకే గోడ మీద ఉంటే, ముస్లింలంటే రజాకార్లు, హిందువులంటే బాధితులు అన్న లెక్క ఒక్క చూపులో తప్పని తేలిపోతుంది. పుకార్లు మందగించాలంటే కాగితం చూపించాలి. గది తలుపు మూసి తాళం వేస్తే పుకారుకు ఇంకా బలం.

ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే కావాలన్న 1952 గొడవ, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు, 1969 తెలంగాణ ఉద్యమంలో చనిపోయిన పిల్లలు, ఇవన్నీ అదే వరసలో రావాలి. గన్‌పార్క్‌లో స్తూపం ఉంది, దాని పక్కన చదవడానికి ఒక కథ లేదు. 1956 తర్వాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి కూకట్‌పల్లి వైపు ఇళ్లు కట్టుకున్నవాళ్లను సెటిలర్లు అన్నాం. వాళ్ల మనవలు ఇక్కడే పుట్టారు. వాళ్లకూ ఈ మ్యూజియంలో గోడ ఉండాలి, వాళ్ల మీద ఇక్కడివాళ్లకు ఎందుకు కోపం వచ్చిందో అదే గోడ మీద ఉండాలి.

ఇది సాధ్యమేనా అంటే, చేసి చూపించినవాళ్లున్నారు. అమృత్‌సర్ టౌన్ హాల్‌లో 2017లో తెరిచిన విభజన మ్యూజియంలో ఎక్కువ వస్తువులు మామూలు ఇళ్ల నుంచి వచ్చినవే. ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు పెట్టె, అవి మోసుకొచ్చిన మనుషుల కథ. పంజాబ్‌లో విభజన గాయం మనకన్నా చిన్నదేమీ కాదు, అయినా మ్యూజియం వల్ల ఊరు తగలబడలేదు. కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట ఉండేది. నల్లవాళ్లు, మలయా మూలాలవాళ్లు, భారతీయులు, యూదులు కలిసి బతికిన పేట. 1966లో దాన్ని తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించి అరవై వేల మందికి పైగా ఖాళీ చేయించారు, ఇళ్లు నేలమట్టం చేశారు. 1994లో అక్కడి పాత చర్చిలో మ్యూజియం మొదలైంది. నేల మీద పేట మ్యాప్ పరిచారు. పాత నివాసులు వచ్చి తమ ఇల్లు ఎక్కడుండేదో ఆ మ్యాప్ మీద చేత్తో రాశారు. కూల్చే పనిలో ఉన్న ఒక మనిషి వీధి పేర్ల పలకలు పారేయకుండా దాచి ఉంచి, వాటిని తెచ్చి ఇచ్చాడు. అలా మొదలుపెట్టడానికి నిపుణుల కన్నా ముందు పేటవాళ్లే వచ్చారు.

మూసీ ఒడ్డు బస్తీల మ్యాప్ ఇలాగే నేల మీద పరిస్తే ఎంత బాగుంటుంది! 1908 సెప్టెంబర్ 28 వరదలో సుమారు పదిహేను వేల మంది పోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు. చెట్టు ఉంది. ఆ చెట్టే ఒక గది అనుకుని, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గీత గీసి, ఏ బస్తీ ఎంత కొట్టుకుపోయిందో అక్కడే రాసి పెట్టవచ్చు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇప్పుడు మళ్లీ మూసీ ఒడ్డున ఇళ్లు తీసేయాలా వద్దా అన్న టెన్షన్‌లో బతుకుతున్న కుటుంబాలున్నాయి. వాళ్లకు ఆ గీత ఎక్కడుందో తెలియడం కాలక్షేపం కోసం కాదు.

నా దృష్టిలో దీనికి వందల కోట్ల కొత్త భవనం అక్కర్లేదు. బార్కస్‌లో ఒక గది, లాలాగూడలో ఒక పాత రైల్వే క్వార్టర్, ధూల్‌పేటలో విగ్రహాలు చేసే షెడ్డులో ఒక మూల, చాదర్‌ఘాట్‌లో ఒక గది, సుల్తాన్‌బజార్‌లో భాషా నిలయం ఎలాగూ ఉంది. ప్రతిచోటా ఆ బస్తీవాళ్లు ముగ్గురు, చరిత్ర చదివినవాళ్లు ఒకరు, పక్క బస్తీ నుంచి ఒకరు. ఈ పక్క బస్తీ మనిషి తప్పనిసరి. సొంత కులం, సొంత మతం గురించి సొంతవాళ్లే రాసుకుంటే పొగడ్త మాత్రమే మిగులుతుంది, ఆడవాళ్ల సంగతి మొదటే ఎగిరిపోతుంది. రాసే పలకలు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిషులో ఉండాలి. చదువు రానివాళ్లకు ఒక బటన్ నొక్కితే ఆ బస్తీ మాటలోనే వినబడాలి, దక్కనీ అయితే దక్కనీ, లంబాడీ అయితే లంబాడీ. టికెట్ పెట్టొద్దు. సర్కారు కరెంటు బిల్లు కట్టి, వానకు కారకుండా చూసి, మిగతా విషయాల్లో జోక్యం చేసుకోకపోతే మేలు.

పాత సంగతులతోనే ఆగిపోవాలని కూడా లేదు. 2020 మే 1న, లాక్‌డౌన్ మధ్యలో, దేశంలో వలస కార్మికుల కోసం నడిచిన మొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచే బయలుదేరింది. సుమారు 1,200 మంది జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లారు. మా నాన్న తరంలో పాలమూరు నుంచి వచ్చినవాళ్లు చేసిన పనిని ఇప్పుడు జార్ఖండ్, ఒడిశా, బీహార్, బెంగాల్ మనుషులు చేస్తున్నారు. గచ్చిబౌలి వెనక రేకుల షెడ్లలో ఉంటారు. కట్టడం పూర్తవగానే షెడ్డు విప్పేస్తారు, మనుషులు ఇంకో సైటుకు పోతారు. వాళ్ల గేట్‌పాసులు, హెల్మెట్లు, గోడ మీద బొగ్గుతో రాసుకున్న లెక్కలు, ఇంటికి డబ్బు పంపిన రసీదులు యాభై ఏళ్ల తర్వాత ఎవరూ వెతికి తేలేరు. ఆ రైల్లో వెళ్లి మళ్లీ తిరిగొచ్చిన మనుషులు ఇంకా నగరంలో పని చేస్తున్నారు. మ్యూజియం పని అక్కడి నుంచి మొదలుపెడితే భవనం కోసం ఎదురుచూడక్కర్లేదు, ఒక రికార్డర్, ఒక రిజిస్టరు, హిందీ, ఒడియా వచ్చిన ఇద్దరు మనుషులు చాలు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లకు సెలవు ఉంటుంది, మాట్లాడటానికి అదే మంచి వేళ.